రెండో అవకాశం ఎవరిది?

తెలుగు సినిమాలో చర్చి కనిపించిందంటే ప్రేమకు గండం వచ్చినట్టే. 1981లో వచ్చిన ‘సీతాకోకచిలుక’లో బ్రాహ్మణ కుర్రాడు, క్రైస్తవ అమ్మాయి ప్రేమించుకుంటారు. అతను జంధ్యం, ఆమె మెడలోని సిలువ తీసి పారేస్తే గానీ ఆ కథ ఒడ్డెక్కలేదు. 2010 నాటి ‘ఏ మాయ చేశావే’లో జెస్సీ అలెప్పీ చర్చిలో పెళ్లికొడుకు పక్కన నిలబడి ‘వద్దు’ అంటుంది. 2022లో వచ్చిన ‘అంటే సుందరానికీ’లో లీలా థామస్, సుందర్ కలిసి రెండిళ్లవాళ్లనూ ఒప్పించడానికి అబద్ధం మీద అబద్ధం పేరుస్తారు. మూడింట్లోనూ నాయిక క్రైస్తవురాలు. మూడింట్లోనూ ఆమె విశ్వాసం అబ్బాయి దాటాల్సిన గోడ. ఆ గోడకు అవతల కూడా మనుషులు ప్రేమించుకుంటారని, విడిపోతారని, మళ్లీ కలుస్తారని, ఆ ముచ్చట్లన్నీ ప్రార్థన కూటాల మధ్యే జరుగుతాయని చెప్పే కథ మాత్రం మనకు దాదాపు లేదు.

నవలల సంగతీ అంతే. యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం అద్దె పుస్తకాల షాపుల దగ్గర వరస కట్టిన తరం మనది. ‘సెక్రటరీ’, ‘మీనా’, ‘జీవన తరంగాలు’ సినిమాలుగానూ ఆడాయి. వారపత్రికల సీరియళ్ల కోసం వారమంతా ఎదురుచూశాం. ఆ రాశిలో పెళ్లిచూపులు, పూజగది, వరలక్ష్మీ వ్రతం ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. ఆదివారం ఆరాధనకు వెళ్లే అమ్మాయి నాయికగా ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టినా వేళ్లు మిగులుతాయి. రాయలసీమలో, కోస్తాలో ఊరికో మందిరం ఉన్న భాషకు ఇది చిన్న లోటేమీ కాదు.

అమెరికాలో దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ క్రైస్తవ ప్రేమ నవల అంటే పుస్తకాల షాపులో ప్రత్యేకంగా ఒక అలమర. గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే వంద పైచిలుకు నవలలు రాసింది. 1979లో జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’తో ఇప్పటి ఒరవడి మొదలైందంటారు. ఇక అందరి నోటా నానే పేరు ఫ్రాన్సీన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’. ఆమె మొదట మామూలు ప్రేమ నవలలు రాసేది. 1986లో విశ్వాసంలోకి వచ్చాక, 1991లో ఈ నవల తెచ్చింది. 2022లో సినిమా కూడా అయింది.

రెండో అవకాశం, భయాన్ని గెలవడం అనే రెండు మాటలు ఈ రకం నవలల అట్టల మీద తప్పకుండా కనిపిస్తాయి. కాబట్టి తెలుగులో ఇలాంటి నవల రావాలని కోరుకునేవాళ్లు ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. రెండో అవకాశం ఎవరికి? భయం ఎవరిది?

‘రిడీమింగ్ లవ్’ కథ 1850ల కాలిఫోర్నియాలో, బంగారం వేట రోజుల్లో జరుగుతుంది. చిన్నప్పుడే వేశ్యావాటికకు అమ్ముడుపోయిన ఏంజెల్‌ను మైకేల్ హోషేయ అనే రైతు పెళ్లాడతాడు. ఆమె భయపడి పారిపోతుంది. అతను వెళ్లి తీసుకొస్తాడు. ఆమె మళ్లీ వెళ్లిపోతుంది. దీనికి మూలం బైబిల్లోని హోషేయ గ్రంథం. ప్రవక్త హోషేయ తనను విడిచిపోయిన గోమెరును పదిహేను తులాల వెండికి, కొంత యవలకు తిరిగి కొనుక్కుంటాడు. దేవుడు తన జనాన్ని ఎలా ప్రేమిస్తాడో చెప్పడానికి అది గొప్ప రూపకమే. కాపురం ఎలా చేయాలో చెప్పే నమూనాగా దాన్ని తెలుగు ఊళ్లోకి దించితేనే చిక్కు. పుట్టింటికి పారిపోయి వచ్చిన ఆడబిడ్డను ‘ఓర్చుకో తల్లీ, నీ భర్త కోసం ప్రార్థన చేద్దాం’ అని మళ్లీ అదే ఇంటికి పంపే పెద్దమనుషులు ఏ మతంలోనైనా ఉన్నారు. వాళ్ల చేతికి హోషేయ కథ అందితే రెండో అవకాశం ఎప్పుడూ మగాడిది అవుతుంది, క్షమించే పని ఆడదానిది అవుతుంది. అసలు కథలో క్షమించింది మగవాడేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

రివర్స్‌కు న్యాయం చేయాలంటే ఇంకో మాటా చెప్పాలి. ఆమె నవలలో అన్నిటికంటే బలమైన భాగం చివరిది. మైకేల్ అప్పుడు ఏంజెల్‌ను వెతుక్కుంటూ పోడు. మూడేళ్ల తర్వాత ఆమె తనంతట తానే వస్తుంది. జానెట్ ఓక్ నవలలోనైతే ఈ తెలివి మొదటి పేజీల్లోనే ఉంది. కొత్త చోటికి వలస వచ్చి భర్తను పోగొట్టుకున్న మార్టీని, భార్య పోయిన క్లార్క్ పెళ్లాడమంటాడు, తన చిన్నపాపకు తల్లి కావాలని. వసంతంలో తిరుగు బళ్లు బయల్దేరేటప్పుడు వెళ్లిపోవాలనిపిస్తే దారి ఖర్చు తానే ఇస్తానంటాడు. వెళ్లిపోయే దారి తెరిచే ఉంది కాబట్టే ఆమె ఉండిపోవడానికి విలువ వచ్చింది. తెలుగులో రాయబోయేవాళ్లు అమెరికా నుంచి తెచ్చుకోదగ్గ సరుకు ఇదొక్కటే. గుర్రపు బళ్లూ, కట్టెల ఇళ్లూ అక్కడే ఉండనివ్వచ్చు.

మనకు కావాల్సిన మూస మన బైబిల్లోనే వేరే చోట ఉంది. రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు, ఎనభై అయిదు వచనాలు. బేత్లెహేములో కరువొస్తే ఎలీమెలెకు పెళ్లాం బిడ్డలతో మోయాబుకు వలసపోతాడు. అక్కడ అతనూ, ఇద్దరు కొడుకులూ చనిపోతారు. మిగిలింది అత్త నయోమి, ఇద్దరు కోడళ్లు. పుట్టింటికి పొమ్మంటే ఓర్పా వెళ్లిపోతుంది. రూతు అత్త వెంట నడుస్తుంది. యవల కోతల్లో పరిగె ఏరుకుంటుంది. ఆ చేను బోయజుది. అత్తే ఉపాయం చెప్పి కోడలికి మారుమనువు కుదుర్చుతుంది. ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దల ముందు పొలం సంగతీ, పెళ్లి సంగతీ ఒకేసారి తేలతాయి. ఇందులో ఎవరూ ఎవర్నీ బలవంతంగా వెనక్కి తీసుకురారు. ఓర్పా వెళ్లిపోయినందుకు ఆమెను తిట్టరు కూడా.

ఈ కథను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పెట్టి చూస్తే ఒక్క అక్షరం మార్చనక్కర్లేదనిపిస్తుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఊళ్లలో వర్షాధారం పంట అయిపోయాక జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. మిరపకోతలకు గుంటూరు వైపు, పత్తి ఏరడానికి తెలంగాణకు, కట్టడం పనులకు బెంగళూరుకు. ఇళ్లకు తాళాలు పడతాయి, ముసలివాళ్లు, కొందరు పిల్లలు ఊళ్లో మిగులుతారు. ఎలీమెలెకు చేసింది సుగ్గే. వెళ్లిన చోట మొగుడు పోతే, చిన్న వయసు కోడలు, కొడుకును పోగొట్టుకున్న అత్త కలిసి తిరిగొచ్చే బస్సు ప్రయాణంతోనే నవల మొదలుపెట్టొచ్చు. వేరుశనగ పీకిన చేలల్లో మిగిలిన కాయల కోసం పరిగె ఏరే ఆడవాళ్లు తుగ్గలి, ఆస్పరి, దేవనకొండ పొలాల్లో ఎవరికీ కొత్త కాదు. ఆదోని పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, 1938లో మాచాని సోమప్ప పూనికతో పుట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఇవన్నీ బోయజు పొలం స్థానంలో నిలబడగల చోట్లు.

జొన్నగిరి సంగతి మరీ ప్రత్యేకం. తొలకరి చినుకు పడితే చాలు, చుట్టుపక్కల జిల్లాల నుంచి, బళ్లారి వైపు నుంచి జనం వచ్చి తుగ్గలి మండలంలోని ఎర్ర చేలల్లో తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు. కొందరు సద్ది మూట కట్టుకుని వస్తారు, కొందరు చెట్ల కిందే రాత్రుళ్లు గడుపుతారు. ఏదో ఒక ఏడాది ఎవరికో ఒకరికి రాయి దొరికిందన్న వార్త పత్రికల్లో వస్తుంది, మరుసటి ఏడాది జనం రెట్టింపు అవుతారు. రివర్స్ తన కథకు కాలిఫోర్నియా బంగారాన్ని ఎందుకు ఎంచుకుందో జొన్నగిరి పొలం గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. అప్పుల్లో ఉన్నవాడికి రెండో అవకాశం అంటే మొదట గుర్తొచ్చేది అదృష్టమే. నవలా రచయితకు ఒక్క హెచ్చరిక: ఆఖరి అధ్యాయంలో నాయికకు వజ్రం దొరికించారో, పాఠకులు పుస్తకం డబ్బులు వెనక్కి అడుగుతారు.

అదే దారిలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లేటప్పుడు ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్న చోట్లలో ఇదొకటి. అశోకుడి కాలపు సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు చెబుతారు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు. ఆ వాదం అలా ఉంచితే, పదమూడో శాసనంలో రాజు కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపపడతాడు. లక్షన్నర మందిని చెరపట్టి తరలించామని, లక్ష మందిని చంపామని తానే చెప్పుకున్నాడు. మన దేశంలో రాతి మీదికెక్కిన పశ్చాత్తాపాల్లో దీనికంటే పాతది లేదేమో. చేసిన తప్పును ఒప్పుకున్న రాజుకు చరిత్ర రెండో అవకాశం ఇచ్చింది, అశోకుడు ధర్మాశోకుడయ్యాడు. క్షమించారా అని కళింగులను అడిగినవారు మాత్రం లేరు. పదమూడో శాసనాన్ని కళింగ దేశంలోని ధౌలి, జౌగడ రాళ్ల మీద చెక్కించలేదు కూడా. కొట్టే మొగుడు మారుమనస్సు పొంది మందిరంలో కన్నీళ్లతో సాక్ష్యం చెప్పే సన్నివేశం రాసేటప్పుడు ఈ సంగతి రచయితకు గుర్తుండాలి. అతని సాక్ష్యం అయ్యాక భార్యను ఎవరైనా అడిగారా?

ఇక భయం సంగతి. అమెరికా నవలల్లో నాయిక భయం చాలావరకు మనసులోది. గతం వెంటాడుతుంది, ప్రేమ మీద నమ్మకం కుదరదు. ఇక్కడ ఆ భయానికి కాగితాలూ ఉంటాయి. మొదటిది విడాకుల కాగితం.

శ్రామిక కులాల్లో మారుమనువు ఎప్పుడూ వింత కాదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరంతా అట్టుడికింది గానీ, అది పై కులాల గొడవ. రాయలసీమ క్రైస్తవుల్లో ఎక్కువ మంది వచ్చిన కులాల్లో మొగుడు పోయిన పడుచు మళ్లీ మనువాడటం, పొసగకపోతే కులపెద్దల ముందు తెగదెంపులు చేసుకోవడం ఆనవాయితీగానే ఉండేవి. మందిరంలో పెళ్లి మొదలయ్యాక విధవరాలికి ఇబ్బంది లేకపోయింది, సంఘం అనుమతించింది. చిక్కుల్లో పడింది మొగుడు వదిలేసిన మనిషి, మొగుణ్ని వదిలిపెట్టాలనుకున్న మనిషి. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని కులపెద్దలు విడదీయలేరు. కోర్టుకు పోవాలంటే 1869 నాటి విడాకుల చట్టం ఉంది. మొదట్లో దాని ప్రకారం భర్త తన భార్య వ్యభిచారం రుజువు చేస్తే సరిపోయేది. భార్యైతే భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వాన్నో, రెండేళ్లు వదిలేసి పోవడాన్నో మరొకదాన్నో కలిపి రుజువు చేయాల్సి వచ్చేది. జిల్లా కోర్టు ఇచ్చిన తీర్పును హైకోర్టు ఖాయం చేస్తే గానీ చెల్లేది కాదు. ఆదోని ఆడకూతురికి అది హైదరాబాదు ప్రయాణం. 2001లో పార్లమెంటు సవరణ చేసి భార్యాభర్తలకు ఒకే కారణాలు పెట్టింది, పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు కల్పించింది, హైకోర్టు ముద్ర అక్కర్లేదంది. మొత్తం 132 ఏళ్లు పట్టింది. తరతరాల క్రైస్తవ స్త్రీల భయం ఆ లెక్కలో ఉంది. అది ఎవరి నవలలోనూ లేదు.

ఇంకో కాగితం కుల ధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితులను వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపుగా లెక్కిస్తారు. అందుకే ఎన్నో ఇళ్లలో మందిరంలో పిలిచే పేరొకటి, బడి రిజిస్టరులో పేరొకటి. పెళ్లి చర్చిలో రిజిస్టరు చేయిస్తే ఉద్యోగం పోతుందేమోనన్న బెంగ ఆ ఇళ్లకు తెలుసు. ప్రేమించిన మనిషితో పాస్టరుగారి ముందు నిలబడి సంతకం పెట్టడమే ధైర్యం అనిపించుకునే పరిస్థితి ఏ కాలిఫోర్నియా నవలలోనూ దొరకదు. తెలుగు క్రైస్తవ ప్రేమకథకు ఇంతకన్నా పదునైన ముడి అక్కర్లేదు.

నిజజీవితంలో నమూనాలు లేవా అంటే ఉన్నాయి. గుర్రం జాషువా తల్లిదండ్రులే చూడండి. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. వినుకొండలో వాళ్ల కాపురమే ఒక నవల. 1895లో పుట్టిన ఆ కొడుకు హిందూ పురాణగాథల మీద పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘం అతన్ని వెలివేసింది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది ఆ జాషువాకే.

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పేరు చాలామందికి తెలుసు. 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఉద్యమానికి నాయకుడు. మొదటి భార్య హ్యారియట్ చనిపోయాక, 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లాడాడు. ఆమె అంతకుముందే ఒంగోలులో పనిచేసిన మిషనరీ. తర్వాత యూరపు వెళ్లి, స్త్రీల హక్కుల కోసం తొలి గొంతెత్తిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసింది. మాదిగల గాథలతో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకాన్ని 1899లో తెచ్చింది. భర్త పోయాక ఆయన జీవితకథను ఆయన గొంతుతోనే రాసి 1914లో అచ్చువేసింది. తొలినాళ్ల మాదిగ విశ్వాసి యెర్రగుంట్ల పేరయ్య అన్వేషణ గురించి అంత శ్రద్ధగా రాసిన మనిషి తన రెండో కాపురాన్ని కథగా చేసుకోలేదు. మిషనరీ సాహిత్యమంతా ఇంతే. ఎంతమంది మారారో రాసింది గానీ ఎవరు ఎవర్ని ఎలా ప్రేమించారో రాయలేదు.

తెలుగు క్రైస్తవానికి పాట బాగా వచ్చు. కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి కాలం నుంచి కీర్తనల పుస్తకం లేని క్రైస్తవ ఇల్లు లేదు. వచనానికి వచ్చేసరికి ప్రసంగమే మిగిలింది. నవల వచ్చినప్పుడు అది సంఘం బయటి నుంచి, దళిత సాహిత్యం నుంచి వచ్చింది. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వెలువడింది. తరాల వెట్టి, వలస, మతం మార్పు అన్నీ ఉన్న ఆ నవలను గుర్తు చేసుకుంటూ చెప్పే ముసలావిడ పేరు రూతు. ఎల్లన్న, సుభద్రల ఎడబాటు చదివినవాళ్లకు, మన క్రైస్తవుల పూర్వీకుల కథలో ప్రేమకు ఎంత చోటుందో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి తర్వాతి అడుగు వేయాల్సినవాళ్లు మందిరాల్లోనే ఉన్నారు. స్త్రీల సమాజాల్లో సాక్ష్యాలు చెప్పే ఆడవాళ్ల దగ్గర ఉన్న కథనశక్తి ఏ సీరియల్ రచయితకూ తీసిపోదు. వాళ్లు చెప్పేది మైకు కట్టేశాక గాల్లో కలిసిపోతోంది, అంతే.

క్రైస్తవ ప్రేమ నవల అంటే ముసుగేసిన మతప్రచారం కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. అమెరికా సరుకులో కొంత అలాంటిదే, దాచేదేమీ లేదు. ఆఖరి అధ్యాయంలో హీరో మోకాళ్లూనకపోతే ప్రచురణకర్త ఊరుకోడు. కానీ వరలక్ష్మీ వ్రతం చేసే నాయికను చూసి ఎవరూ ప్రచారం అనలేదు కదా. విశ్వాసం పాత్ర బతుకులో భాగంగా ఉంటే అది కథ, పాఠకుడి మీదికి వేలు చూపిస్తే ప్రసంగం. ఇది అన్ని మతాల నవలలకూ వర్తిస్తుంది. బోయజును చూడండి, రూతుకు అతను వాక్యాలు బోధించడు. కోతకూలీలతో చెప్పి ఆమె దారిలో నాలుగు పనలు జారవిడిపిస్తాడు.

సంఘాలు నడిపే మాసపత్రికల్లో సీరియల్‌కు రెండు పేజీలు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. దినపత్రికల ఆదివారం అనుబంధాలు కథల పోటీలు పెడుతూనే ఉన్నాయి, వాటికి ఈ కథలూ పంపొచ్చు. ఆదోని యాసలో అత్త కోడలితో, ‘నువ్వు తెల్లచీర కట్టుకోని నా యింట్లో కూచుంటే నా కొడుకు తిరిగొస్తాడా పాపా?’ అని అడిగే చోట నవల సగం అయిపోయినట్టే. మిగతా సగం విధవరాలి గురించి కాక, బతికున్న మొగుణ్ని వదిలొచ్చిన మనిషి గురించైతే అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు మందిరంలో ప్రకటన చదవడం చాలా సంఘాల్లో ఆచారం. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పొచ్చు. కోర్టు విడాకుల కాగితం చేతిలో పట్టుకుని ఆమె ఆడవాళ్ల వైపు చాప మీద కూచుని ఉంది. పాత మొగుడి మేనమామ సంఘపెద్దల్లో ఒకడు. పాస్టరుగారు ఆమె పేరు చదువుతారా, కళ్లజోడు సర్దుకుని తర్వాతి ప్రకటనకు వెళ్లిపోతారా అన్నది రచయిత తేల్చాలి. ఏది రాసినా సంఘంలో కొందరికి కోపం వస్తుంది. తెలుగులో ఈ నవల ఇంకా రాకపోవడానికి ఆ కోపం కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.